ప్రభువుల ఎన్‌గ్రేవింగుల్లో చిహ్నాలు: మనిషివా, మూసవా?

పాతరేకు: రాజుల ముద్రాచిత్రంలో (అంటే రాగి రేకు మీద చెక్కి, సిరా పట్టించి కాగితం మీద అచ్చువేసిన బొమ్మలో) స్తంభం, తెర, కవచం కనిపిస్తే చాలు, ఆ మనిషి గుణగణాలు చెప్పేస్తున్నారు. పియర్ లొంబార్ అనే చెక్కుడు పనివాడి రేకు చూశాక కూడానా? చిత్రకారుడు వాన్ డైక్ 1633లో గీసిన, గుర్రం మీది ఇంగ్లండ్ రాజు చార్లెస్ 1 చిత్రమే దానికి మూలం. ఆ ఒక్క రాగి రేకు నుంచే ఆ రాజు శత్రువు క్రాంవెల్ తలతో, చార్లెస్ తలతో, అసలు తలే లేకుండా కూడా ముద్రలు దిగాయి. 1649లో ఆ రాజు మరణశిక్ష ఉత్తర్వు మీద సంతకం పెట్టినవాడికి ఆ రాజు గుర్రమే సరిపోయింది. ఇక చిహ్నం ఎవరిదనుకోవాలి?

నల్లసిరా: అది వ్యాపారం సంగతి. క్రిస్పిన్ డి పాస్ 1596లో చెక్కిన ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ 1ని చూడండి. రెండు స్తంభాల మధ్య రాణి. ఒకదాని మీద రొమ్ము చీల్చుకుని పిల్లలకు రక్తం పట్టే పెలికన్ పక్షి, రెండోదాని మీద బూడిదలోంచి తిరిగి పుట్టే కథల పక్షి ఫీనిక్స్, వెనక ఓడలు. జంట స్తంభాలు స్పెయిన్ ఏలిన చార్లెస్ 5 సొంత గుర్తు. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తుండగా వాటి మధ్య ఈవిడ నిలబడిందంటే యాదృచ్ఛికమా? పెళ్లికాని, సాటిలేని రాణి అని చెప్పే ఆ ఫీనిక్స్‌ని క్రాంవెల్ పక్కన పెట్టండి చూద్దాం!

ఉలిమొన: ఇద్దరూ రేకుని మరిచిపోతున్నారు. తల మార్చాలంటే బ్యూరిన్ (చెక్కే ఉలి) గీసిన గాళ్లు పోయేదాకా స్క్రేపర్‌తో రాగిని గీకి, బర్నిషర్‌తో నునుపు చెయ్యాలి. అక్కడ గుంట పడుతుంది. గుంటలో సిరా పూర్తిగా తుడుచుకుపోదు, ముద్రలో బూడిద మరక తేలుతుంది. అందుకని రేకుని బోర్లించి, దాగలి మీద పెట్టి, వెనకనుంచి సుత్తితో కొట్టి ఆ చోటు లేపాలి. ఆ తర్వాతే కొత్త ముఖం. ఇంత పని గుర్రానికీ, మబ్బులకూ ఎవరు చేస్తారు? మార్చలేదు కాబట్టి అర్థం లేదనడం కుదరదు.

పాతరేకు: కొనేవాడు అభ్యంతరపెట్టి ఉంటే చచ్చినట్టు చేసేవారు. నేను నమ్మేది వంశచిహ్నాలను, పదవి గుర్తులను. జర్మన్ కళాకారుడు డ్యూరర్ 1524లో చెక్కిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ చిత్రంలో పైమూలల్లో రెండు డాళ్లున్నాయి. అడ్డంగా పెట్టిన కత్తుల జంట పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో ఆయనకున్న మార్షల్ పదవిది, ఇంకొకరికి అతకదు. తెరా, స్తంభమూ ఎవరికైనా అతుకుతాయి.

నల్లసిరా: తెర మీకే వదిలేస్తున్నా. స్తంభం మాత్రం ఒంటిగా ఉందా, జంటగా ఉందా చూడకుండా కొట్టిపారెయ్యకండి.

ఉలిమొన: అర్థం వెతికేముందు ఇంకొకటి. చిత్రాన్ని ఉన్నదున్నట్టు రేకు మీదికి ఎక్కిస్తే ముద్ర కుడిఎడమలు మారి వస్తుంది. గార్టర్ పట్టీ (ఇంగ్లండ్ వీరబిరుదు గుర్తు) కట్టేది ఎడమ మోకాలి కింద, కత్తి వేలాడేది ఎడమ నడుముకి. రెండూ కుడివైపు కనిపిస్తే చెక్కినవాడు చిత్రాన్ని అద్దంలో తిప్పి చూస్తూ చెక్కలేదన్నమాటే, అందులో ఏ గూఢార్థమూ లేదు.