అప్‌డేట్: ఎక్స్‌టెండర్‌కి ఎట్టకేలకు పచ్చ లైటు వచ్చింది

వెనక గదిలో వైఫై ఎక్స్‌టెండర్ (రౌటర్ సిగ్నల్ అందుకుని ఇంకొంచెం దూరం పంపే పెట్టె) పెడితే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రావట్లేదని పోయిన వారం అడిగాను కదా. సంగతి తేలింది.

తప్పు నాదే. రౌటర్ సిగ్నల్ అందని గదిలోనే ఎక్స్‌టెండర్ పెట్టాను. ఫోన్‌లోని గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య బలాన్నే చూపిస్తాయి. ఎక్స్‌టెండర్‌కి రౌటర్ నుంచి ఎంత అందుతోందో చెప్పవు. ఈ ముక్క తెలియక మూడు రోజులు జుట్టు పీక్కున్నాను.

మీలో ఒకరు చెప్పినట్టు రౌటర్‌కీ వెనక గదికీ మధ్య సగం దూరంలో, హాల్లో ప్లగ్‌కి మార్చి, రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు ఇంకో చిక్కు. డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండానే రెండిటినీ కలిపేది) ఎన్నిసార్లు నొక్కినా జతపడదే! రౌటర్ పేజీ తెరిస్తే సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి) ఒక్కటే ఉంది. టెన్షన్‌లో కనబడ్డ సెట్టింగల్లా కెలికినప్పుడు నేనే మార్చి ఉంటాను. ఆ మోడ్‌లో డబ్ల్యూపీఎస్ పనిచేయదు, పైగా నా పాత ఎక్స్‌టెండర్‌కి తెలిసింది దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 వరకే. రెండూ కలిసిన మోడ్ పెట్టగానే నిమిషంలో కలిసిపోయింది.

స్పీడ్ రౌటర్ దగ్గర 90 ఎంబీపీఎస్, వెనక గదిలో 40. ఒకే రేడియోతో అందుకుంటూ, పంపిస్తూ ఉండాలి కాబట్టి సగం పోతుందట. వీడియో కాల్ ఆగట్లేదు, నాకు చాలు.

ఒక్కటే మిగిలింది: హాల్లోంచి వెనక్కి నడిస్తే ఫోన్ ఎక్స్‌టెండర్‌కి మారకుండా ఇంకా రౌటర్‌నే పట్టుకుని వేలాడుతోంది. వైఫై ఒకసారి ఆపి ఆన్ చేస్తున్నాను.