చికాగో పోలిష్ కుటుంబం: పుట్టిన దేశం ఒక్కో కాగితంలో ఒక్కోలా ఎందుకుంది?

ప్రశ్న:
మా కోడలి ముత్తాత చికాగోలో స్థిరపడిన పోలిష్ ఆయన. 1910 జనాభా లెక్కల్లో పుట్టిన దేశం రష్యా, మాతృభాష పోలిష్ అని ఉంది. 1920లో వార్సా అని రాశారు. ఓడ జాబితాలో పేరు వోయ్‌చెఖ్, ఆ తర్వాతి కాగితాల్లో ఆల్బర్ట్. ఇద్దరూ ఒకరేనా? సొంతూరు పట్టుకునేదెలా?

జవాబు 1:
ఒకరే అయ్యే అవకాశం ఎక్కువండీ. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండును పూర్తిగా పంచేసుకున్నాయి. అది స్వతంత్ర దేశంగా మళ్ళీ నిలబడింది 1918లో. అందుకే 1910లో రష్యా. వోయ్‌చెఖ్‌ను లాటిన్‌లో రాసే చర్చి రిజిస్టర్లలో అడాల్బెర్టుస్ అని రాసేవారు, ఆల్బర్ట్ అక్కడి నుంచే వచ్చింది. కొందరు జార్జ్ అని కూడా పెట్టుకున్నారు.

ఎల్లిస్ ఐలండ్‌లో, అంటే న్యూయార్క్ రేవులో వలసవచ్చినవాళ్ళను తనిఖీ చేసిన చోట, పేరు మార్చేశారన్న కథ మాత్రం నమ్మకండి. ఓడ కంపెనీ గుమాస్తాలు బయల్దేరిన రేవులోనే జాబితా రాసేవారు. ఎల్లిస్ ఐలండ్‌లో అధికారులు దాన్ని ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగేవారంతే.

జవాబు 2:
వార్సా చూసి నగరంలో వెతకడం మొదలుపెట్టకండి. రష్యా ఏలుబడిలో అది ఒక గుబెర్నియా, అంటే పెద్ద జిల్లా పేరు కూడా. తెనాలి దగ్గర పల్లెటూరాయన దూరదేశంలో గుంటూరు అని చెప్పినట్టు! కాలిష్, ప్వోత్స్క్, సువావ్‌కి పేర్లతోనూ ఇదే చిక్కు.

ముందు పౌరసత్వ కాగితాలు తీయండి. 1906 సెప్టెంబరు 27 తర్వాతివైతే పుట్టిన తేదీ, చోటు, వచ్చిన ఓడ పేరు ఉంటాయి. అంతకు ముందువి ఏ కోర్టుకు ఆ కోర్టు ఫారం, చాలావాటిలో దేశం పేరు తప్ప ఏమీ దొరకదు. ఓడ జాబితాకు రెండో పేజీ ఉందేమో చూడండి. 1907 నుంచి స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా రాసేవారు, ఊరు అక్కడే దొరుకుతుంది. అదీ కాకపోతే చికాగోలో పెళ్ళి జరిగిన పోలిష్ చర్చి రిజిస్టరు.

ఊరి పేరు దొరికినా ఆగండి. డోంబ్రోవా, నోవా వియెష్ లాంటి పేర్లతో ఊళ్ళు కోకొల్లలు. ఏ చర్చి కిందిదో తేలితేనే ముందుకెళ్ళాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఆయన భార్య పౌరసత్వ దరఖాస్తు ఎక్కడా కనబడలేదు. పోయినట్టేనా?

జవాబు 3:
అసలు ఉండకపోవచ్చు. 1922 సెప్టెంబరు దాకా భర్తకు పౌరసత్వం వస్తే భార్యకూ దాంతోపాటే వచ్చేసేది. ఆవిడ 1936 తర్వాత సోషల్ సెక్యూరిటీకి (అమెరికా ప్రభుత్వ పింఛను పథకం) దరఖాస్తు పెట్టి ఉంటే ఆ ఫారం తెప్పించండి, తల్లి పుట్టింటి పేరు దాంట్లో ఉంటుంది.

పోలండు జనన, వివాహ, మరణ రిజిస్టర్లను జెనెటెకా అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. రష్యా భాగంలో 1868 నుంచి రష్యన్‌లో రాశారు, తేదీలు రెండు: "20 జనవరి / 1 ఫిబ్రవరి 1885" ఇలా. మొదటిది అప్పట్లో రష్యా వాడిన పాత జూలియన్ క్యాలెండర్, రెండోది మన క్యాలెండర్, 12 రోజుల తేడా. 1900 మార్చి నుంచి 13. పైన కనిపించేది నమోదు చేసిన తేదీ. పుట్టింది ఎప్పుడన్నది లోపల వాక్యంలో "నిన్న ఉదయం 4 గంటలకు" అన్నట్టు ఉంటుంది, అది చదవకుండా తేదీ ఎక్కించుకుంటే లెక్క తప్పుతుంది. ఇంటిపేరు కోవల్‌స్కి అయితే ఆడవాళ్ళకు కోవల్‌స్కా అని కూడా వెతకండి.