బ్లాక్ ఆల్బమ్ ఘనత మెటాలికాదా, బాబ్ రాక్‌దా?

మందరతంత్రి: 1991 ఆగస్టులో వచ్చిన అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్, నల్ల అట్ట వల్ల అందరం బ్లాక్ ఆల్బమ్ అంటున్నదే, ప్రొడ్యూసర్ బాబ్ రాక్ లేకపోతే అలా వచ్చేది కాదు. అంతకుముందు ఎవరి వాయింపు వాళ్లు విడిగా రికార్డు చేసుకునేవాళ్లు. నార్త్ హాలీవుడ్ వన్ ఆన్ వన్ స్టూడియోలో నలుగురినీ ఒకే గదిలో నిలబెట్టి వాయించమన్నది ఆయనే.

థ్రాష్‌ప్రాణం: గదిలో నిలబెడితే రిఫ్‌లు, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు, పుడతాయా? ఇందులోని ఎంటర్ శాండ్‌మాన్ పాట రిఫ్ గిటారిస్టు కర్క్ హ్యామెట్‌ది. ఏ పాట రచయితల్లోనైనా బాబ్ రాక్ పేరు చూపించండి.

వినేవాడు: ఈ ఆల్బమ్‌లో బేస్ గిటార్ వినిపించింది. నాకదే చాలు.

మందరతంత్రి: అదీ అసలు మాట! దీనికి ముందు 1988లో వాళ్లు తీసిన అండ్ జస్టిస్ ఫర్ ఆల్, అదే జస్టిస్ ఆల్బమ్‌లో బేస్ ఉందా? బేసిస్టు క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదంలో పోయాక వచ్చిన జేసన్ న్యూస్టెడ్ మొత్తం ఆల్బమ్ వాయించాడు, ఒక్క స్వరం వినపడదు. నేనూ బేస్ వాయిస్తాను. మా బ్యాండ్ రికార్డింగుకి ఏ వాయిద్యం ఎంత వినిపించాలో తేల్చే మిక్స్ దగ్గర గిటారిస్టు కూర్చుని నా ట్రాక్ తగ్గించేశాడు. గట్టిగా అడిగితే, "గిటార్ నిండుగా ఉండాలి కదా" అన్నాడు. బయటి మనిషి ఒకడు ఉండి ఉంటే ఆ పని జరగదు.

థ్రాష్‌ప్రాణం: మీ గిటారిస్టు మీద కోపం మా ఆల్బమ్ మీద చూపిస్తే ఎలాగండీ?

మందరతంత్రి: మీ ఆల్బమా? బేస్ తగ్గించమన్నది డ్రమ్మర్ లార్స్ అల్రిక్కేనని జస్టిస్ మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సనే తర్వాత చెప్పాడు. వాళ్లను వాళ్లకే వదిలేస్తే జరిగేది అదే. శాండ్‌మాన్‌కి గాయకుడు హెట్‌ఫీల్డ్ మొదట రాసిన మాటలు చాలవు, ఇంకా బాగా రాయగలవని మొహం మీద చెప్పినవాళ్లలో బాబ్ రాక్ ఉన్నాడు. సాడ్ బట్ ట్రూ పాట అంత బరువుగా ఉందంటే గిటార్ శ్రుతిని డి స్వరానికి దించడం వల్ల. ఆ దారి చూపిందీ ఆయనే.

థ్రాష్‌ప్రాణం: ఆ చెప్పినవాళ్లలో అల్రిక్ కూడా ఉన్నాడు, ఆ సగం మింగేశారు. నథింగ్ ఎల్స్ మాటర్స్ హెట్‌ఫీల్డ్ తన కోసమే రాసుకుని దాచుకున్న పాట. అది విని ఆల్బమ్‌లోకి లాగిందీ అల్రిక్కే.

కొత్తసభ్యుడు: బ్లాక్ ఆల్బమ్‌ని మూడుసార్లు మిక్స్ చేశారు, పది లక్షల డాలర్లయింది. అంత డబ్బుంటే ఎవరైనా తీస్తారు.

మందరతంత్రి: డబ్బు పోసి నాసిరకంగా తీసినవాళ్లు బోలెడు మంది.

థ్రాష్‌ప్రాణం: డబ్బు సంగతి వదిలేయండి. జస్టిస్ టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు. ఒక్కో మలుపు నేర్చుకోవడానికి నేనూ నా స్నేహితులూ నెలలు కూర్చున్నాం. శాండ్‌మాన్ అందరికీ మొదటిసారికే వచ్చేసింది. దాంతో మాలాంటి వాళ్లతో వాళ్లకు పని లేకుండా పోయింది. మమ్మల్ని గుమ్మంలోనే వదిలేసి వెళ్లారు, వెళ్లమని తోసింది మీ బాబ్ రాక్. ఇదే ఆల్బమ్‌లోని హోలియర్ దన్ దౌ పాటలో ఆ పాత వేగం ఇంకా ఉంది. మొదటి సింగిల్‌గా, అంటే విడిగా ముందు వచ్చే పాటగా, దాన్ని విడుదల చేసి ఉంటే నాకీ మాట అనాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మందరతంత్రి: హోలియర్ దన్ దౌ మొదట రావాలన్నది బాబ్ రాకే. కాదు, శాండ్‌మానే రావాలని పట్టుబట్టింది అల్రిక్.

థ్రాష్‌ప్రాణం: అంటే నన్ను వదిలేసింది నా బ్యాండే అంటారు.

మందరతంత్రి: అవును, వాళ్లే. ఎక్కువ మందికి వినిపించాలని వాళ్లకే ఉంది. అందులో తప్పేముందో నాకు అర్థం కావడం లేదు. వినపడకుండా ఉండిపోవడం ఎంత గొప్పదో నన్నడగండి, చెబుతాను.

థ్రాష్‌ప్రాణం: కోరికా వాళ్లదే, నిర్ణయమూ వాళ్లదే అయితే ఆల్బమ్ కూడా వాళ్లదే. నేను మొదటి నుంచీ అంటున్నది అదే కదా.

మందరతంత్రి: సింగిల్ ఎంచడం వేరు, బేస్ వినిపించడం వేరు.