బ్రౌజర్‌ని స్క్రిప్ట్‌తో నడిపి పరీక్షించే సెలీనియంలో పాపప్ బ్లాక్ అయిందని టెస్ట్‌కి ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. మా పేజీలో బటన్ నొక్కితే సర్వర్ జవాబు వచ్చాక రసీదు కొత్త విండోలో తెరుచుకోవాలి. టెస్ట్ రోజూ పాస్ అవుతోంది, వాడేవాళ్లకి మాత్రం అప్పుడప్పుడు ఏమీ రావట్లేదు. తవ్వి చూస్తే తేలింది: సెలీనియం తరఫున క్రోమ్‌ని నడిపే క్రోమ్‌డ్రైవర్ తనంతట తానే పాపప్ బ్లాకర్‌ని ఆపేస్తుంది! బ్లాకర్ మళ్లీ పనిచేసేలా ఎక్స్‌క్లూడ్‌స్విచెస్‌లో (క్రోమ్‌కి పంపకూడని ఆప్షన్ల జాబితా) డిజేబుల్-పాపప్-బ్లాకింగ్ పెట్టాను. సర్వర్ ఆలస్యమైతే ఇప్పుడు నా దగ్గరా బ్లాక్ అవుతోంది. క్లిక్ ప్రభావం కొన్ని సెకన్లకే పోతుంది కదా, అదే కారణం అనుకుంటున్నాను.

చిక్కేమిటంటే, పాపప్ బ్లాక్ అయిందని అడ్రస్ బార్‌లో కనిపించే ఆ చిన్న గుర్తు డామ్‌లో (టెస్ట్ చదవగలిగే పేజీ నిర్మాణంలో) ఉండదు. విండో హ్యాండిల్స్ (తెరిచి ఉన్న విండోల గుర్తింపులు) లెక్క 1 దగ్గరే ఆగి, చివరికి టైమవుట్. బ్లాక్ అయితే కొత్త విండో తెరిచే విండో.ఓపెన్ ఫంక్షన్ నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది కాబట్టి, దాన్ని స్క్రిప్ట్‌తో చుట్టి ఆ విలువ పట్టుకోవడం సరైన దారేనా? లేక క్లిక్ అవగానే ఖాళీ విండో తెరిచి, తర్వాత అడ్రస్ మార్చేలా పేజీనే సరిచేయమంటారా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి.