హైదరాబాద్‌లో మనవాళ్లు కలుసుకునే చోట్లు ఎక్కడున్నాయి? పబ్బులు, దుకాణాల పరిస్థితి ఏమిటి?

కరీంనగర్_బాటసారి

అందరికీ నమస్కారం. నేను గే పురుషుణ్ని. ఉద్యోగరీత్యా ఇటీవలే కరీంనగర్ నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక హాస్టల్‌లో ఉంటున్నాను. ఇంత పెద్ద నగరంలో మనవాళ్లు కలుసుకునే చోటు ఒక్కటైనా ఉంటుందని, సాయంత్రం పని ముగిశాక అక్కడికి వెళ్లి కూర్చోవచ్చని అనుకున్నాను గానీ, ఫోన్‌లోని యాప్‌లు తప్ప నాకు ఇంతవరకు ఏదీ కనిపించలేదు. మొన్న శనివారం రాత్రి స్నేహితుడితో కలిసి జూబ్లీహిల్స్‌లో ఒక పబ్‌కు వెళ్తే, స్టాగ్‌లకు, అంటే వెంట ఆడవాళ్లు లేకుండా వచ్చే మగవాళ్లకు, ప్రవేశం లేదని, జంటలనే పంపుతామని గుమ్మం దగ్గరే ఆపేశారు. మేమిద్దరమూ జంటగానే వచ్చామని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

హైదరాబాద్‌లో ప్రత్యేకంగా గే బార్ అంటూ ఉందా? లేకపోతే జనం ఎక్కడ కలుస్తారు? మనవాళ్లు నడిపే దుకాణాలు, మనల్ని ఎగాదిగా చూడని వైద్యులు ఉంటే వాటి గురించి కూడా దయచేసి చెప్పండి. ఇంట్లో ఇంకా తెలియదు కాబట్టి ఫొటోల విషయంలో నాకు భయం ఉంది.

నల్లకుంట_పాతకాపు

తమ్ముడూ, స్వాగతం. ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉండే గే బార్ మన నగరంలో లేదు. ఇక్కడ మనకు ఉన్నవి తేదీలే తప్ప చిరునామాలు కావు. ఫలానా రోజు ఫలానా చోట అని కబురు అందుతుంది, జనం వస్తారు, మర్నాటికి ఆ చోటు మళ్లీ మామూలు కాఫీ షాపో, సభామందిరమో అయిపోతుంది. కొత్తగా వచ్చినవారికి ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

మా తరం పార్కుల్లోనూ రైల్వే స్టేషన్ల పరిసరాల్లోనూ ఒకరినొకరు చూపులతో గుర్తుపట్టుకుంటూ, పోలీసు విజిల్ వినిపిస్తే చెరో దిక్కుకూ వెళ్లిపోతూ గడిపింది. 2013 ఫిబ్రవరిలో మనవాళ్ల సంస్థ వజూద్ ఆధ్వర్యంలో నగరంలో మొదటి ప్రైడ్ నడక, అంటే మన ఉనికిని చాటుకునే ఊరేగింపు, జరిగినప్పుడు చాలామంది ముఖాలకు మాస్కులు కట్టుకుని నడిచారు, అందులో తప్పుపట్టవలసింది కూడా ఏమీ లేదు. 2018 సెప్టెంబర్ 6న పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు ఇచ్చిన తరువాత మాస్కులు తగ్గాయి, సమావేశాలకు హాలు ఇవ్వమని అడిగితే ముఖం చిట్లించేవారూ కొంత తగ్గారు.

నా సలహా ఏమిటంటే, రాత్రిపూట పబ్‌తో కాక పగటిపూట సమావేశంతో మొదలుపెట్టండి. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నడుస్తున్న సాంస్కృతిక వేదిక. మన సమూహాల చర్చలు, సినిమా ప్రదర్శనలు అక్కడా, జర్మన్ సాంస్కృతిక కేంద్రమైన గోథే జెంట్రమ్‌లోనూ జరిగిన సందర్భాలున్నాయి. లామకాన్‌లో మద్యం ఉండదు. రాతి గోడల పాత ఇంటి ఆవరణలో చెట్టు కింద చాయ్, సమోసా తీసుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు, లేచి వెళ్లమనేవారుండరు. మొదటిసారి వచ్చేవారు ఎవరితోనూ మాట్లాడకుండా వెనుక వరుసలో కూర్చుని వెళ్లిపోయినా పరవాలేదు, మాలో చాలామంది అలాగే వచ్చినవాళ్లం. వజూద్, మొబ్బేరా వంటి సంస్థల సామాజిక మాధ్యమాల పేజీలను గమనిస్తూ ఉంటే తేదీలు వాటంతటవే తెలుస్తాయి.

గురువారం_డీజే

పెద్దాయన చెప్పింది నిజమే గానీ, తేదీలే తప్ప చిరునామా ఎందుకు లేదో కూడా తెలుసుకోవాలి. నేను కొంతకాలంగా మన సమూహం కోసం పార్టీలు నిర్వహిస్తున్నాను కాబట్టి వ్యాపారం వైపు నుంచి చెబుతాను.

స్టాగ్ నిబంధన మనల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఒంటరి మగవాళ్లు గుంపులుగా చేరితే ఆడవాళ్లు రారని, ఆడవాళ్లు రాకపోతే ఖర్చుపెట్టే జంటలూ రావని యజమానుల లెక్క. అందుకే గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఇచ్చే ఆదేశం ఒక్కటే, ఆడా మగా సమానంగా ఉండేలా చూడమని. ఆ లెక్కలో ఇద్దరు మగవాళ్లు ఎప్పటికీ జంట కారు, ఇద్దరు స్టాగ్‌లే అవుతారు. కొన్నిచోట్ల ప్రవేశమే ఉండదు, కొన్నిచోట్ల కవర్ ఛార్జి, అంటే లోపలికి వెళ్లడానికి కట్టే రుసుము, రెట్టింపవుతుంది. అదే ఇద్దరు అమ్మాయిలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తే నవ్వుతూ లోపలికి పంపుతారు. దాన్ని గౌరవం అనుకుంటే పొరపాటే, వాళ్లను జంటగా ఎవరూ చూడలేదు కాబట్టే పంపారు.

ఇక మన పార్టీల విషయానికి వస్తే, శుక్ర, శనివారాల్లో పబ్ ఎలాగూ నిండుతుంది కాబట్టి యజమానికి మనతో పని లేదు. వారం మధ్యలో హాలు బోసిగా ఉన్నప్పుడే మనకు ఇస్తాడు. ఇచ్చేటప్పుడు కూడా ఇంత బిల్లు కావాలని ముందుగానే హామీ రాయించుకుంటాడు. అమ్మకం ఆ మొత్తానికి చేరకపోతే మిగిలింది నిర్వాహకుడు చేతి నుంచి పెట్టుకోవాలి. మామూలు రోజుల్లో బార్లు అర్ధరాత్రికే మూసేయాలి, శుక్ర, శనివారాల్లో మాత్రం ఒంటిగంట వరకు సమయం ఉంటుంది. మనవాళ్లు ఆఫీసు ముగించుకుని, హాస్టల్‌కు వెళ్లి బట్టలు మార్చుకుని, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి పది దాటుతుంది. ఆ గంటన్నర, రెండు గంటల్లో ఆ బిల్లు రావాలి. నష్టం వస్తే ఆ నిర్వాహకుడు తరువాతి నెల కనిపించడు, పార్టీ వేరే పేరుతో వేరే చోట మొదలవుతుంది. స్థిరమైన చోటు ఏర్పడకపోవడానికి సమాజం చిన్నచూపు ఎంత కారణమో, ఈ వారం మధ్య లెక్క కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

అయినా మంచి రాత్రులు లేకపోలేదు. శాస్త్రీయ నృత్యం నేర్చుకున్న పట్రుని చిదానంద శాస్త్రి వంటి కళాకారులు ఇక్కడి వేదికలపై డ్రాగ్ ప్రదర్శనలు, అంటే ఆడవేషం, భారీ మేకప్‌తో చేసే ఆటపాటలు, ఇచ్చారు. అభినయం తెలిసిన మనిషి కనురెప్పలకు రంగు వేసుకుని నిలబడితే, పబ్‌కు మామూలుగా వచ్చిన జనం కూడా గ్లాసు పక్కన పెట్టి చూడటం నేను గమనించాను.

రావాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు పాటించండి. నిర్వాహకుడికి ముందే సందేశం పంపి గెస్ట్ లిస్ట్‌లో పేరు రాయించుకోండి, గుమ్మం దగ్గర స్టాగ్ గొడవ ఉండదు. చట్టప్రకారం 21 ఏళ్లు నిండాలి కాబట్టి గుర్తింపు కార్డు తెచ్చుకోండి. కట్టిన కవర్ ఛార్జి బిల్లులో సర్దుబాటు అవుతుందో లేదో లోపలికి వెళ్లే ముందే కనుక్కోండి. ఫొటోల విషయం కూడా ముందే అడగండి. మా పార్టీల్లో ఫోన్ కెమెరాపై స్టిక్కర్ అంటించి పంపుతాం. దానికి ఒప్పుకోని పబ్‌లో మేము పార్టీ పెట్టం.

చింతల్_చెల్లి

అన్నలారా, మీ చర్చ అంతా పబ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేను ట్రాన్స్ మహిళను. మమ్మల్ని స్టాగ్ అని కూడా అనరు, డ్రెస్ కోడ్ అంటారు, ఎంత మంచి చీర కట్టుకున్నా సరే. ఆడిపాడినందుకు, ఆడవారి బట్టలు వేసుకున్నందుకు వారెంటు లేకుండా పట్టుకోవడానికి వీలు కల్పించిన నిజాం కాలపు 1919 నాటి చట్టం 2023 జూలై దాకా పుస్తకాల్లోనే ఉంది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అది పోయినంత మాత్రాన బౌన్సర్ మారడు కదా. నిరుడు ఒక పార్టీకి మమ్మల్ని ఉచితంగా పిలిచి, లోపలికి వెళ్లాక డాన్స్ చేయమన్నారు. అతిథులుగా పిలిచారో, కూలికి పిలిచారో ముందే చెబితే బాగుండేది.

వైద్యుల గురించి అడిగిన తమ్ముడికి ఒక మాట చెబుతాను. 2021లో నారాయణగూడలో ట్రాన్స్ వారి కోసం మిత్ర్ క్లినిక్ పెట్టారు, అందులో పనిచేసేవారిలో మావాళ్లే ఎక్కువ. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగిపోవడంతో అది మూతపడింది. తరువాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ క్లినిక్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. ట్రాన్స్ వారికే కాదు, మీలాంటి వారికి కూడా అది పనికొస్తుంది. 'పెళ్లయిందా?' అనే ప్రశ్నతో కాక 'ఏం ఇబ్బంది?' అనే ప్రశ్నతో మొదలుపెట్టే డాక్టరు దగ్గర హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవడం ఎంత తేలికో మీకే తెలుస్తుంది.

కర్రీపాయింట్_అక్క

దుకాణాల సంగతి నేను చెబుతాను. నా భాగస్వామీ నేనూ కలిసి ఉప్పల్ వైపు ఒక కర్రీ పాయింట్ నడుపుతున్నాం. ఆరు రంగుల ఇంద్రధనుస్సు జెండా మా షట్టర్ మీద లేదు, పెట్టే ఉద్దేశం కూడా లేదు. మా గిరాకీ అంతా బ్యాచిలర్ కుర్రాళ్లు, ఉద్యోగాల నుంచి అలిసి వచ్చే ఇల్లాళ్లు. సాయంత్రం ఏడింటికి పప్పు, పులుసు, దొండకాయ వేపుడు పొట్లాలు కడుతూ ఉంటే, పక్కింటి పెద్దావిడ రోజూ వచ్చి 'మీ ఆయన ఏం చేస్తారమ్మా?' అని నన్నొకసారి, తననొకసారి అడుగుతుంది. షాపు యజమాని మమ్మల్ని అక్కాచెల్లెళ్లు అనుకుంటున్నాడు. మేము కాదనలేదు, అవుననీ అనలేదు.

ఇక్కడ మనవాళ్ల వ్యాపారాలు చాలావరకు ఇలాగే నడుస్తాయి. బయట బోర్డు మీద ఏమీ ఉండదు, లోపలివారికి మాత్రం తెలుసు. సమూహంలో ఎవరి పుట్టినరోజైనా, సమావేశమైనా వంట మా దగ్గరకే వస్తుంది. పబ్ బిల్లులు పెట్టుకోలేనివాళ్లు నలుగురూ నాలుగు కూరలు కొనుక్కుని ఎవరో ఒకరి గదిలో కూర్చుని తింటారు. ఆ విందులను ఎవరూ రాత్రి జీవితం అనరు గానీ, నాకు తెలిసిన జంటల్లో ఎక్కువ మంది పరిచయమైంది అలాంటి గదుల్లోనే.

కాగితాల సంగతీ చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబర్‌లో బంధుమిత్రుల మధ్య పెళ్లి వేడుక చేసుకుని, ఆ తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 17న కోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేదు. అయితే వ్యాపార భాగస్వామ్య పత్రంలో మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని ఎవరూ అడగరు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ మనవాళ్లు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డు లేదని స్పష్టం చేసింది. మా బ్రాంచిలో గుమస్తా ఆ ప్రకటన ప్రింటు చూపించేదాకా నమ్మలేదు. ఖాతా మాత్రం తెరిచాడు.

కరీంనగర్_బాటసారి

అందరికీ ధన్యవాదాలు. డీజే గారూ, నేను గెస్ట్ లిస్ట్ కోసం సందేశం పంపుతాను. అక్కా, ఉప్పల్ మాదాపూర్‌కు దూరమే అయినా ఆదివారం వస్తాను. చివరగా ఒక సందేహం ఉంది. యాప్‌లో పరిచయమైన ఒకతను మియాపూర్‌లోని తన గదికి రమ్మంటున్నాడు. వెళ్లవచ్చా?

నల్లకుంట_పాతకాపు

వద్దు తమ్ముడూ. మొదటిసారి ఎవరి గదికీ వెళ్లకండి. రమ్మని పిలిచి, నలుగురు కలిసి వీడియో తీసి, ఇంట్లో చెబుతామని బెదిరించి డబ్బు గుంజే ముఠాలు ఈ నగరంలో ఉన్నాయి. అతన్ని మెట్రో స్టేషన్ దగ్గర ఏదైనా ఇరానీ హోటల్‌కు రమ్మనండి, నిజమైన మనిషైతే వస్తాడు. ఎవరైనా బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. చాట్ తుడిచేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. బెదిరించి డబ్బు గుంజడం నేరం, మీరు గే కావడం నేరం కాదు. ఫోన్ ద్వారా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కాల్ చేయండి. పోలీస్ స్టేషన్‌కు ఒంటరిగా వెళ్లడానికి జంకితే ఇక్కడ రాయండి, మాలో ఎవరో ఒకరం వెంట వస్తాం.