సమస్య: "కన్నులున్నవాఁడె కానఁడయ్యె"

నిర్వాహకురాలు: ఈసారి ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. పూరణ సెర్బియాను ఏలిన బ్రాంకోవిచ్ వంశం కథలోంచే రావాలి. చాలామందికి కొత్త కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

వూక్ బ్రాంకోవిచ్ ఒట్టోమన్ తుర్కులతో జరిగిన 1389 కొసొవో యుద్ధంలో బతికి బయటపడి, 1397లో ఒట్టోమన్ల చెరలో చనిపోయాడు. కొడుకు జురాజ్ 1427లో మేనమామ తరవాత గద్దె ఎక్కాడు. బెల్‌గ్రేడ్ హంగరీ చేతికి వెళ్లిపోవడంతో 1428లో డాన్యూబ్ ఒడ్డున స్మెదెరెవో కోట మొదలుపెట్టాడు. కూతురు మారాను సుల్తాన్ రెండో మురాద్‌కు ఇచ్చాడు. 1439లో ఆ అల్లుడే వచ్చి కోట పట్టుకున్నాడు. 1441లో జురాజ్ కొడుకులు గ్రుగూర్, స్తెఫాన్‌ల కళ్లు తీయించాడు. 1444 సంధితో కోటా కొడుకులూ తిరిగొచ్చారు. జురాజ్ 1456 డిసెంబరులో పోయాడు. ఆ తరవాత రెండున్నరేళ్లకే, 1459 జూన్ 20న, స్మెదెరెవో శాశ్వతంగా చేజారింది.

గోదారిగట్టు:

కూఁతు నిచ్చి తండ్రి కోట నిలుపఁ గోరె
అల్లుఁ డయ్యు గెలిచె నతని పురము
పెండ్లి పూల చాటు పిడిబాకు దాఁగెను
కన్నులున్నవాఁడె కానఁడయ్యె

నిర్వాహకురాలు: మూడో పాదం చాలా బాగుంది. మొదటి పాదం చివర 'గోరె', రెండో పాదం మొదట 'అల్లుఁడు', అక్కడ సంధి కలవక విసంధి అయింది. 'నల్లుఁ డయ్యు' అనండి, యతికీ ఇబ్బంది లేదు. భావం విషయంలో నాకో అభ్యంతరం. జురాజ్ చూడలేదని ఎలా అంటాం? ఒకవైపు హంగరీ, మరోవైపు ఒట్టోమన్లు. ఇద్దరికీ లొంగి ఉంటూనే నడిమధ్య కోట కట్టుకున్న మనిషి. పెళ్లితో అంతా సర్దుకుంటుందని నమ్మేంత అమాయకుడు కాడు. కొన్నేళ్లు ఊపిరి పీల్చుకోవడానికే పిల్లనిచ్చాడనిపిస్తుంది.

గోదారిగట్టు: సవరణ తీసుకుంటున్నానండీ. భావం మాత్రం మార్చను. కొన్నేళ్ల ఊపిరి కోసం ఆడపిల్లను పంపిన తండ్రి ఆ పిల్ల బతుకును చూడలేదనే నా పద్యం.

పెన్నాతీరం:

బావ యాన వెడలె; బలి యయ్యెఁ జూపులు;
మార కంటి నీరు మన్నుఁ గలిసె;
నాల్గు కన్ను లార్పె నాథుఁ డా సుల్తాను;
కన్నులున్నవాఁడె కానఁడయ్యె

నిర్వాహకురాలు: గణాలు, యతి అన్నీ కుదిరాయి. 'నాల్గు కన్నులు' దగ్గర కాసేపు ఆగిపోయాను. లెక్క చెప్పినట్టే ఉంది, గుండె మాత్రం బరువెక్కింది. తమ్ముళ్లని కాక 'బావ' అనే ఒక్క మాటతో చుట్టరికం చెప్పేశారు, అదీ నచ్చింది.

తంగేడుపూలు: పద్యం బాగుంది గానీ, మారా వేడుకుంటే సుల్తాను మనసు మార్చుకున్నాడని, ఆ కబురు చేరేలోపే పని అయిపోయిందని ఒక కథనం ఉంది కదండీ. అప్పుడు 'కానఁడయ్యె' నిలుస్తుందా?

పెన్నాతీరం: ఆ కథనం చదివాకే రాశాను. కన్నీళ్లు చూశాక ఇచ్చిన ఉత్తర్వు కాదు, ఇచ్చాక చూసిన కన్నీళ్లు. ఆలస్యంగా చూడటం చూడకపోవడం కిందే లెక్క. మురాద్ పోయాక 1451లో మారా పుట్టింటికి వచ్చినప్పుడు ఆ ఇద్దరు అన్నదమ్ములూ ఆమెను గొంతుతోనే గుర్తుపట్టి ఉంటారు. అది తలుచుకునే ఈ పద్యం రాశాను.

తంగేడుపూలు: నాది జురాజ్ చిన్న కొడుకు లాజర్ మీద. అన్నలిద్దరికీ చూపు లేదని చిన్నవాడికి రాజ్యం దక్కింది. 1457 మేలో తల్లి ఇరీనా పోయిన రాత్రే అక్క మారా, అన్న గ్రుగూర్ ఒట్టోమన్ల వైపు వెళ్లిపోయారు.

అన్న లంధు లనుచు నాసనం బిచ్చిరి
ఇంటి పోరు రేఁగె గూడు చెదరె
అక్క యలిగి వెడలె నన్నతో నా రేయి
కన్నులున్నవాఁడె కానఁడయ్యె

నిర్వాహకురాలు: రెండో పాదంలో యతి తప్పింది, 'ఇ'కి 'గూ' కుదరదు. 'నిల్లు చెదరె' అంటే సరి. 'అలిగి' అన్నది కాస్త తేలిక మాట. ఆమె వెళ్లింది అలకతో కాదు, భయంతో అనుకుంటాను. 'బెదరి' వేస్తే గణం చెడదు, 'అక్క బెదరి వెడలె'.

తంగేడుపూలు: 'బెదరి' చక్కగా ఉంది, ధన్యవాదాలండీ.

గోదారిగట్టు: వూక్ గురించి ఎవరూ రాయలేదు. కొసొవోలో తనకు పిల్లనిచ్చిన మామ, వెనకటి లాజర్ రాజుకు ద్రోహం చేశాడని జానపద గాథలు వందల ఏళ్లుగా పాడుతున్నాయి. ఆ కాలపు ఆధారం ఒక్కటీ లేదు.

నింద మోసె వూకు నేఁటికిఁ బాటల
చెఱను జచ్చినాఁడు చేవ తోడ
పాటఁ గట్టువాఁడు పత్రాలు వెదకఁడు
కన్నులున్నవాఁడె కానఁడయ్యె

పెన్నాతీరం: అందరికంటే మీరే దూరం వెళ్లారు. కన్నులున్నవాడు రాజు కాదు, పాట కట్టినవాడు! జురాజ్ భార్య ఇరీనాకూ ఇదే గతి పట్టింది. స్మెదెరెవో కట్టేందుకు జనం పడ్డ చాకిరీ అంతా ఆమె నెత్తిన వేసి 'శాపగ్రస్త యెరీనా' అన్నారు.

నిర్వాహకురాలు: 'చేవ తోడ' నాకు పూర్తిగా ఒప్పుదల కాదు, 1392లో అతను కూడా సుల్తానుకు లొంగి కప్పం కట్టాడు. కానీ మూడో పాదం కోసం ఒప్పుకుంటున్నాను.

ఇన్ని పూరణల్లో స్తెఫాన్ రాలేదు. తమ్ముడు లాజర్ 1458లో చనిపోయాక గద్దె ఎక్కింది చూపులేని ఆ స్తెఫానే. ఏడాది తిరిగాక 1459 ఏప్రిల్‌లో పదవి పోయింది. అల్బేనియా వెళ్లి ఆంజెలీనాను పెళ్లాడాడు, 1476లో ఇటలీ ఉత్తరాన కన్నుమూశాడు. పెద్ద కొడుకు జోర్జె సన్యసించి మాక్సిం అయ్యాడు, క్రుషెదోల్ మఠం కట్టించాడు. చిన్నవాడు యోవాన్ 1502లో మగ సంతానం లేకుండా పోయాడు. స్తెఫాన్ మీద ఒక్క పద్యమైనా వస్తుందని గడువు ఆదివారం రాత్రి దాకా పెంచుతున్నాను.