మధుమేహంతో కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు ప్రోటీన్ ఎంత తినాలి? తగ్గిస్తే కండ కరిగిపోతుందా?

ప్రశ్న

మా నాన్నగారి వయసు అరవై దాటింది, బరువు 60 కిలోలు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మూత్రంలో అల్బుమిన్ (రక్తంలో ఉండాల్సిన ఒక ప్రోటీన్) పోతోందని, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) కూడా పెరిగిందని చెప్పి డాక్టరు గారు ప్రోటీన్ తగ్గించమన్నారు. అయితే ఎంత తగ్గించాలన్నది చీటీలో లేదు. నాన్నగారు భయపడి ప్రోటీన్ ఉన్న పదార్థాలన్నింటినీ దాదాపు మానేశారు, ఆకలి కూడా తగ్గింది. ఇప్పుడు తొడలు సన్నబడ్డాయి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊతంగా ఆనించాల్సి వస్తోంది. మరోవైపు తాజా రిపోర్టులో క్రియాటినిన్ కొద్దిగా తగ్గింది కాబట్టి పథ్యం పనిచేస్తోందని ఆయన నమ్మకం. రక్తంలో అల్బుమిన్ మాత్రం 3.1 దగ్గర, తక్కువగానే ఉంది. మూత్రంలో పోతున్న ప్రోటీన్‌ను ఎక్కువ తిని భర్తీ చేయాలా, లేక ఇంకా తగ్గించాలా? అసలు షుగర్‌కూ ప్రోటీన్‌కూ ఉన్న సంబంధం ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (జీవరసాయన శాస్త్రం బోధిస్తాను)

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఇన్సులిన్ అనగానే రక్తంలో చక్కెరను తగ్గించే హార్మోన్‌గానే గుర్తుకు వస్తుంది గానీ, కండరాల్లోని ప్రోటీన్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకోవడం కూడా దాని ముఖ్యమైన పనే. పెద్దవారి శరీరంలో రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్ విడిపోతూ, దాదాపు అంతే మళ్లీ తయారవుతూ ఉంటుంది. ఇది మనం తినే దానికి సుమారు మూడు నాలుగు రెట్లు. ఇన్సులిన్ చాలనప్పుడు, లేదా ఉన్నా సరిగా పనిచేయనప్పుడు, ఈ రాకపోకల్లో పోక పైచేయి సాధిస్తుంది. కండరాల నుంచి బయటపడ్డ అమినో ఆమ్లాల్లో (ప్రోటీన్‌ను కట్టే చిన్న అణువుల్లో) చాలా భాగం అలనిన్, గ్లుటమిన్ రూపంలో రక్తంలోకి వస్తుంది. అలనిన్ కాలేయానికి చేరాక అందులోని నత్రజని యూరియాగా మారితే, మిగిలిన కార్బన్ భాగం గ్లూకోజ్ అవుతుంది. అంటే షుగర్ అదుపు తప్పిన మనిషిలో సొంత కండే కరిగి మళ్లీ చక్కెరగా రక్తంలో చేరుతోంది. నత్రజని యూరియాగా మారే ఈ చక్రాన్ని క్రెబ్స్, హెన్సెలైట్ 1932లో వివరించారు. ఆ యూరియాను బయటకు పంపాల్సింది కిడ్నీలే కాబట్టి, తిన్న ప్రోటీన్ ఎక్కువైనా, కండ కరిగినా, బరువు పడేది వాటి మీదే.

ఇక కండ కరగడానికి రెండో కారణం ఆమ్లం. మెథియోనిన్, సిస్టీన్ వంటి గంధకం ఉన్న అమినో ఆమ్లాలు దహనమైనప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు దాన్ని అమ్మోనియా సాయంతో వదిలించుకుంటాయి. దెబ్బతిన్నవి ఆ పని పూర్తిగా చేయలేవు, రక్తంలో ఆమ్లాన్ని తటస్థం చేసే బైకార్బనేట్ పడిపోతుంది. అలా పెరిగిన ఆమ్లత్వం కండరాల్లో యుబిక్విటిన్ – ప్రోటియాజోమ్ అనే విచ్ఛిన్న యంత్రాంగాన్ని ఉత్తేజపరుస్తుంది. ఇన్సులిన్ కొరత, ఆమ్లత్వం రెండూ ఒకే చోట కలిసే వ్యాధి ఇది. మీ నాన్నగారి తొడలు సన్నబడటానికి పథ్యం ఒక్కటే కారణమని అప్పుడే తేల్చకండి.

సమాధానం 2

మా బంధువులొకరు ఇదే స్థితిలో ప్రోటీన్ పూర్తిగా మానేసి బాగానే ఉన్నారు. యూరియా కూడా చక్కగా దిగింది. నాన్నగారు చేస్తున్నదే సరైనదని నా అభిప్రాయం.

సమాధానం 3 (కిడ్నీ రోగుల ఆహార నిపుణురాలిని)

పై సలహాను దయచేసి పాటించవద్దు. ప్రోటీన్ తగ్గించడానికి ఒక బలమైన కారణం ఉంది, దాన్ని కాదనను: ప్రోటీన్ ఎక్కువగా ఉన్న భోజనం తర్వాత కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని నాళాల గుచ్ఛాల్లోకి రక్తాన్ని తెచ్చే చిన్న ధమని వెడల్పై, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. మధుమేహంలో ఆ ధమని ముందే వెడల్పై ఉంటుంది కాబట్టి అదనపు ఒత్తిడి మిగిలిన వడపోత గుచ్ఛాలను మరింత అరగదీస్తుంది. ఎక్కువ తిని భర్తీ చేయాలన్న ఆలోచన పొరపాటయ్యేది కూడా ఇక్కడే. అలా తింటే మూత్రంలో పోయే అల్బుమిన్ పెరుగుతుందే తప్ప రక్తంలోది ఆశించినంత పెరగదు. రక్తంలో అల్బుమిన్ శరీరం లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల కూడా పడిపోతుంది గనుక 3.1 అన్న అంకెను తిండి కొరతకు మాత్రమే గుర్తుగా చూడకూడదు.

కానీ తగ్గించడం వేరు, మానేయడం వేరు. కిడ్నీ వ్యాధుల చికిత్సకు మార్గదర్శకాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కేడిగో (KDIGO) 2022లో మధుమేహ కిడ్నీ రోగులకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డయాలసిస్ మొదలుకాని వారికి రోజుకు కిలో బరువుకు 0.8 గ్రాముల ప్రోటీన్ చాలు. మీ నాన్నగారికి అది 48 గ్రాములు. దానితో పాటు తగినంత శక్తి అందాలి, కిలోకు 25 నుంచి 35 కేలరీల దాకా. లేకపోతే తిన్న కాస్త ప్రోటీన్ కూడా శరీర నిర్మాణానికి మిగలకుండా ఇంధనంగా కాలిపోతుంది. ప్రోటీన్‌తో పాటు అన్నింటినీ తగ్గించుకునేవారిలో నేను తరచుగా చూసే నష్టం ఇదే.

క్రియాటినిన్ తగ్గడం గురించి ఒక మాట. క్రియాటినిన్ పుట్టేది కండరాల్లోనే. కండ తగ్గితే కిడ్నీ మెరుగుపడకపోయినా ఆ అంకె దిగుతుంది. అందుకే కిడ్నీ పనితీరును చూపే మరో రక్తపరీక్ష, సిస్టాటిన్ సీ, చేయించమని డాక్టరు గారిని అడగండి. అది కండ మీద అంతగా ఆధారపడదు. యూరియా తగ్గడం కూడా తక్కువ తింటున్నారనడానికే సూచన కావచ్చు. వాటితో పాటు బైకార్బనేట్, 24 గంటల మూత్రంలో యూరియా నత్రజని పరీక్షలు చేయిస్తే అసలు విషయం తేలుతుంది. పరీక్షకు ముందు మూడు రోజుల పాటు తిన్నదంతా రాసి ఉంచండి.

సమాధానం 4

మా ఆవిడ డయాలసిస్‌లో ఉంది. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుందని ఇది చదివేవారు గుర్తుంచుకోవాలి. ప్రతిసారీ అమినో ఆమ్లాలు యంత్రంలో పోతాయి కాబట్టి కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు తినమన్నారు. పాత పథ్యాన్నే కొనసాగించి ఆమె బాగా నీరసించింది.

అడిగినవారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. పరీక్షలు చేయించాము. 24 గంటల మూత్రంలో యూరియా నత్రజని 7 గ్రాములు, బైకార్బనేట్ 17. రాసి ఉంచిన దాని ప్రకారం నాన్నగారు రోజుకు తినే ప్రోటీన్ దాదాపు 35 గ్రాములే. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

సమాధానం 5 (కిడ్నీ రోగుల ఆహార నిపుణురాలిని)

లెక్క చూడండి. బరువును 0.031తో గుణిస్తే మలం తదితర మార్గాల్లో పోయే నత్రజని వస్తుంది, 60 కిలోలకు 1.86 గ్రాములు. దానికి 7 కలిపితే 8.86, ప్రోటీన్‌లో నత్రజని 16 శాతం కాబట్టి 6.25తో గుణిస్తే శరీరంలో రోజుకు విచ్ఛిన్నమవుతున్న ప్రోటీన్ సుమారు 55 గ్రాములు. శరీరం నిలకడగా ఉంటే ఈ అంకె తిన్న ప్రోటీన్‌తో సరిపోవాలి. తిన్నది 35 అయినప్పుడు మిగిలిన 20 గ్రాములు ఎక్కడివి? రాసినప్పుడు కొన్ని మరచిపోయి ఉండవచ్చు, మూత్రం సేకరణలోనూ తేడా రావచ్చు. కానీ తొడలు సన్నబడుతూ, బైకార్బనేట్ 17 ఉన్న మనిషిలో అవి కండరాల నుంచే వస్తున్నాయని అనుమానించాలి. తిండి తగ్గించినా కిడ్నీల మీద భారం తగ్గలేదన్నమాట, ఆ భారం లోపలి నుంచే వస్తోంది.

ఈ అంకెలు తీసుకుని కిడ్నీ డాక్టరు గారిని వెంటనే కలవండి. 17 అన్నది మందు గురించి ఆలోచించాల్సిన స్థాయి. సోడియం బైకార్బనేట్ ఇస్తే అందులోని సోడియం వల్ల బీపీ, కాళ్ల వాపు పెరగవచ్చు కనుక వాటిని గమనిస్తూ ఉండాలి. ప్రోటీన్‌ను 48 గ్రాముల దాకా, శక్తిని దానికి తగినట్టుగా పెంచండి. షుగర్ మందుల మోతాదు కూడా అదే రోజు చూపించండి: ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేసి తొలగించే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది, అవి బలహీనపడినప్పుడు ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి, పూట భోజనం తప్పితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అలాగని మోతాదును మీ అంతట మీరు తగ్గించవద్దు, కండను కాపాడుతున్నది కూడా ఆ ఇన్సులినే.